పిండి మిషన్ దగ్గర మాటలు

12 ఫిబ్రవరి 1979, చిత్తూరు

సెలవు నేనే అడిగాను. ఇది ముందుగా రాసి పెట్టుకోవడం మంచిది. స్టూడియో వాళ్లెవరూ నన్ను పొమ్మనలేదు. "కొన్నాళ్లు రెస్ట్ తీసుకో రత్నం" అని డైరెక్టరుగారు అన్నమాట నిజమే. కానీ ఆయన అనేసరికే నేను సెలవు సంగతి మనసులో అనుకుని ఉన్నాను. పదిహేనేళ్లుగా సినిమా టైటిల్స్‌లో 'శబ్దగ్రహణం: రాజారత్నం' అని పడుతున్నవాడు కొన్నాళ్లు ఇంటిపట్టున ఉంటే కొంపలేం మునగవు.

కాకి సంగతి కూడా రాసేస్తే ఓ పని అయిపోతుంది. తల్లి పోయిన సీను. కొడుకు ఒక్క మాట మాట్లాడడు, సంగీతం కూడా లేదు. అంతా నిశ్శబ్దంగా ఉండాలి. ఆ నిశ్శబ్దంలో మొదటి నుంచి చివరిదాకా ఒక కాకి అరుస్తూనే ఉందట. అన్ని శబ్దాలనూ కలిపి ఆ రీలును ఖాయం చేసినవాణ్ణి నేను. ప్రివ్యూ హాల్లో అందరికీ వినిపించింది, నాకు తప్ప. "చావింట్లో కాకి అరవడం సహజమే కదండీ" అని వాదించాను. బాగానే వాదించాననుకుంటాను. నా అసిస్టెంటు జయరావు మాత్రం తల ఎత్తలేదు.

జలుబు చేసింది, అంతే. ఆ ఏసీ గదులు ఎవరికి పడ్డాయి కనుక.

13 ఫిబ్రవరి

జలుబే. పంకజాక్షి మిరియాల కషాయం కాచి ఇచ్చింది. గర్ల్స్ హైస్కూల్లో సైన్సు టీచరు కాబట్టి మా నాయనతోపాటు ఆమె ఇక్కడ, నేను మద్రాసులో. పదిహేను రోజులకోసారి బస్సెక్కి వచ్చిపోయే కాపురం మాది. పైగా మేనమామ కూతురు. నేను ఎప్పుడు అబద్ధం చెబుతానో గౌన్లు వేసుకున్న రోజుల నుంచే ఆమెకు తెలుసు. అందుకని కషాయం మొహం చిట్లించకుండా తాగేశాను.

15 ఫిబ్రవరి

రెండు చెవుల్లోనూ ఆముదం వేసుకున్నాను. దిండు పాడైంది. చెవులు అలాగే ఉన్నాయి. అంటే బాగానే ఉన్నాయి.

18 ఫిబ్రవరి

ఈ రోజుతో తేలిపోయింది, నా చెవులకు ఏమీ లేదు. తిరుపతి బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. ఇంజను పక్కనే మొత్తుకుంటోంది. అయినా నా వెనక ఇద్దరు పలమనేరు రైతులు ఆవు బేరం గురించి పోట్లాడుకోవడం ఒక్క మాట పోకుండా విన్నాను. ఆవు పూటకు ఆరు లీటర్లు ఇస్తుందని ఒకాయన. ఇయ్యాలని దానికి ఉండాల గదా అని రెండో ఆయన. నవ్వు ఆపుకోలేకపోయాను. చెవుడున్నవాడికి ఇదంతా వినిపిస్తుందా?

తిరుపతిలో కవుల సమావేశం. పిలిచింది మునిరామయ్యగారు, కాలేజీలో తెలుగు చెబుతారు. ఈ నాలుగేళ్లలో నేను రాసిన కవితలన్నీ పత్రికల నుంచి కత్తిరించి దాచారు. జనరేటరు మీద రాసింది, ఘాట్ రోడ్డు బస్సు మీద రాసింది, రైలింజను మీద రాసింది. "యంత్రాల హోరులో శ్రామికుడి గుండెను విన్న ఏకైక కవి" అని సభలో మెచ్చుకున్నారు. నేను శ్రామికుడి గురించి ఆలోచించిన గుర్తు లేదు. ఆ చప్పుళ్లు స్పష్టంగా ఉంటాయి కాబట్టి వాటి మీద రాశాను. అయినా ఏకైక అంటున్నప్పుడు కాదనడం మర్యాద కాదు.

తర్వాత ప్రశ్నలు. ఆ గది మరీ నిశ్శబ్దంగా ఉంది, ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. వెనక నిలబడ్డ ఒకాయన నన్నేదో అడిగాడు. "అది పాఠకుడే తేల్చుకోవాలి" అన్నాను. హాలంతా చప్పట్లు, నవ్వులు. ఆయన అడిగింది కాఫీ ఇప్పుడు తెప్పించమంటారా, తర్వాతా అని. మునిరామయ్యగారు మెట్లు దిగుతూ చెప్పారు.

22 ఫిబ్రవరి

కాశిం సాహెబ్ నాతోపాటు బడికి వచ్చినవాడు. బజారు వీధి చివర వాళ్ల నాయన పెట్టిన పిండి మిషన్ ఇప్పుడు వాడే నడుపుతున్నాడు. కారం ఒకదాంట్లో, గోధుమలు ఒకదాంట్లో. బెల్టులు కొట్టుకుంటూ తిరుగుతుంటాయి. పక్కనున్న మనిషితో కూడా గొంతెత్తి మాట్లాడాలి. పొద్దుటి నుంచి అక్కడే కూర్చున్నాను. కాశిం చెప్పిన ప్రతి మాటా వినిపించింది. ప్రాణం లేచి వచ్చింది.

నాయన కూడా గోనెసంచుల మీద కూర్చుని ఉన్నాడు. బెల్లం మండీలో పని మానేసినప్పటి నుంచి ఉదయం ఇక్కడికి వచ్చి మధ్యాహ్నం అన్నానికే ఇంటికి రావడం ఆయన అలవాటు. చెవుడు వచ్చి ఇరవై ఏళ్లు దాటిన మనిషి. ఇంట్లో ఆయనతో మాట్లాడడమంటే చేతులు తిప్పడం, లేకపోతే కేకలు. అలాంటివాడికి పిండి మిషన్లో ఏం పని అని మేమెవరం ఎప్పుడూ అనుకోలేదు. కారప్పొడి వాసన ఇష్టమేమో.

25 ఫిబ్రవరి

కాశిం దగ్గరికి వెళ్లాను. పని ఏమీ లేదు.

26 ఫిబ్రవరి

వెళ్లాను.

28 ఫిబ్రవరి

"బావా, నేను ఏమన్నా చెప్పేకొస్తే నువ్వు పొయ్యి బావికాడ మోటారు వేస్తావు, ఎందుకు?" అని పంకజ అడిగింది. "తొట్టి నిండి, నీళ్లు అక్కమ్మ వాళ్లింట్లోకి పారతా ఉండాయి."

నీళ్లు అవసరమని చెప్పాను.

"అవసరమైతే పట్టుకో. మోటారు పక్కన నిలబడి 'ఇప్పుడు చెప్పు' అంటావేంది?"

మొక్కలకు అన్నాను. మా పెరట్లో ఉన్నది ఒక్క కరివేపాకు చెట్టు. పంకజ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే నాకు నచ్చలేదు.

3 మార్చి

ఇది వివరంగా రాయాలి.

రెండు మిషన్లూ ఆడుతున్నాయి. కాశిం అవతల గోధుమలు పోస్తున్నాడు. నాయన నా మోకాలి మీద తట్టి, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడిగాడు.

"నీకి ఎప్పుడు మొదలైందిరా?"

"ఏంది నాయనా?"

"నాకి ముప్పై ఆరేండ్లప్పుడు. ముందు కుడిది, మళ్లా ఎడంది. నీకి?"

ఎండలు ముదిరాయని మాట మార్చాను. ఆయన వదల్లేదు. మళ్లీ మార్చాను. అప్పుడు తట్టింది, నేను మా నాయనతో మాట మారుస్తున్నాను. మీసాలు రాని వయసు నుంచి ఆయనకూ నాకూ మధ్య నడిచినవి 'అన్నం', 'పోయొస్తా', 'ఆరోగ్యం'. అవి కూడా చేతులతోనే. ఇప్పుడు ఆయన అడుగుతున్నాడు, నేను తప్పించుకుంటున్నాను. అందరి ఇళ్లల్లో తండ్రీ కొడుకులు ఉన్నట్టే ఉన్నాం.

"ఈ సద్దులో అయితే ఇనపడతాదని కనిపెట్టినావు గదా," అన్నాడు. "నాకి రెండేండ్లు పట్టె. కారం ఆడించేకొచ్చి, ఆడ ఇద్దురు ఆడోళ్లు మాట్లాడుకునేది ఇంటిని. బయటికి పోతే ఇనపడలా. లోపలికొస్తే మళ్లా ఇనపడె. లోపలికీ బయటికీ తిరగతానే ఉంటి. కాశింవాళ్ల నాయన నాకి మతి పోయిందనుకొనె."

"అమ్మ ఉన్నప్పుడైనా ఇంట్లో ఎందుకు చెప్పలా?"

"చెప్తే? మీ అమ్మ మిషను తెచ్చి వంటింట్లో పెడతాదా?"

నేను పగలబడి నవ్వాను. తర్వాత చెప్పేశాను. నాలుగేళ్లయిందని. స్టూడియోలో హెడ్‌ఫోన్లు చెవుల మీద పెట్టుకుంటే వినిపించక, కాస్త వెనక్కి జరిపి ఎముకకు గట్టిగా ఆనించి వింటున్నానని. ప్రివ్యూలో కాకి అరుపు నాకు వినిపించలేదని. అదేదో కొత్త పద్ధతి అనుకుని అసిస్టెంట్లందరూ నన్ను చూసి హెడ్‌ఫోన్లు ఎముక మీదే పెట్టుకుంటున్నారని.

"అందురూ ఎముక మీదేనా?"

"అందురూ."

"మరి కాకిని ఎవురు ఇంటారు?"

నాయన నవ్వి నవ్వి సంచుల మీద నుంచి జారాడు. కాశిం వచ్చి లేపాడు. లేచి, మళ్లీ కూర్చుని, నా గొంతు అచ్చం మా తాత గొంతులా ఉందని, ఈ నాలుగు రోజులుగా పక్కన కూర్చుని అదే వింటున్నానని చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోతున్నాడు, కరెంటు పోయింది. బెల్టులు ఆగిపోయాయి. మాట మధ్యలో ఇద్దరికీ ఒకేసారి చెవుడొచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కరెంటు కోసం కూర్చున్నాం. ఇంత సంతోషంగా నేను ఈ మధ్య ఎక్కడా కూర్చోలేదు.

7 మార్చి

పట్టుబడ్డాను.

పంకజ బడి నుంచి శ్రుతిదండం తెచ్చింది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కొట్టి మోగించే రెండు కొనల ఉక్కు కడ్డీ. దాన్ని మోకాలికి కొట్టి నా చెవి ముందు పెట్టింది. ఏమీ లేదు. చెవి వెనక ఎముకకు ఆనించింది. తలంతా మోగింది. నా మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది.

"లోపల బాగుండాది బావా. దారి మూసుకోనుండాది, అంతే. కర్ణభేరి వెనకాల మూడు ఎముకలుంటాయి. కడాది అంకవన్నె. గుర్రమెక్కేటోళ్లు కాలు పెడతారే, ఆ ఆకారం. ఒంట్లో అన్నిటికంటే చిన్న ఎముక. అది అదిరితేనే మనకి ఇనపడేది. నీది బిగుసుకోనుంటాది."

అంకవన్నె. ఎంత మంచి మాట. ఇన్నేళ్లు కవిత్వం రాస్తూ ఒక్కసారి కూడా వాడలేదు. నాలోనే ఉంది, పని చేయకుండా. కాశింకు చెబితే, "బేరింగు పట్టేసినాది, అంతే గదప్పా" అన్నాడు.

తర్వాత పంకజ నాయన దగ్గరికి వెళ్లి ఆయన చెవి వెనకా పెట్టింది. నాయన ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు. మిషన్ లేదు, బస్సు లేదు. మా ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని మా నాయన ఒక శబ్దం విన్నాడు.

"ఇంగోతూరి కొట్టు పాపా."

చీకటి పడేదాకా కొట్టించుకున్నాడు. నాకూ ఇంకోసారి కావాలనిపించింది కానీ నా వంతు రాలేదు.

12 మార్చి

వేలూరు ఆస్పత్రికి ముగ్గురం వెళ్లి వచ్చాం. డాక్టరమ్మ తమిళంలో చెబుతుంటే పంకజ కాగితం మీద రాసి మాకు చూపించింది. ఇద్దరిదీ ఒకే జబ్బు, వంశంలో వస్తుంది. హోరులో బాగా వినిపించడం దాని గుర్తేనట. "మొత్తానికి ఆస్తి ఇస్తిని గదా" అన్నాడు నాయన.

బిగుసుకున్న ఎముకను తీసేసి, దాని స్థానంలో వెంట్రుకంత తీగ పెడతారట. మత్తు చెవికి మాత్రమే. పదిమందిలో తొమ్మిదిమందికి బాగవుతుంది. ఒకరికి ఆ చెవి పూర్తిగా పోవచ్చు. ఆ పదో మనిషిని నేనేనని నాకు తెలుసు. ప్రివ్యూ హాల్లో కూడా నేను ఒక్కణ్ణే కదా.

ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు. సగం చెవితో ఇన్నాళ్లు బతికాను, చెవే లేకుండా శబ్దం ఎలా పట్టను?

14 మార్చి

పోస్టాఫీసుకు మద్రాసు నుంచి ట్రంకాల్. రిసీవరు చెవి వెనక ఎముకకు ఆనించి విన్నాను. పోస్టుమాస్టరు పనాపి చూశాడు. డైరెక్టరుగారు. కొత్త సినిమా మిక్సింగు మే నెలలో, వస్తావా లేక వేరేవాళ్లను చూసుకోమంటావా అని అడిగారు. ఆయన గొంతులో మంచితనమే ఉంది.

వస్తానన్నాను. వచ్చేసింది నోట్లోంచి. ఏ చెవి పెట్టుకుని వెళతానో తెలియదు.

15 మార్చి

మిషన్ దగ్గర నాయన అన్నాడు, "నాది ముందు చెయ్యమను."

వద్దన్నాను. ఆయన వయసేమిటి, ఈ వయసులో ఆ కోతలేమిటి అన్నాను.

"సూడబ్బా, నా చెవి ఇరవై ఏండ్లుగా గమ్మునుండాది. పోతే కొత్తగా పొయ్యేదేముంది? బాగైతే నువ్వు ధైర్యంగా పండుకుంటావు. బాగు కాలేదనుకో, నీ సగం చెవి నీకుంటాది."

"నీ మీద పెట్టి చూసేదా నాయనా?"

"మండీలో బెల్లం ఎట్లా కొంటారు? ముందు ఓ తునక నోట్లో ఏసుకుంటారు. నేను తునక."

నాకు ఏడుపొచ్చింది. కారం గాలిలో ఎవరు ఏడ్చినా ఎవరూ అడగరు. ఆ మిషన్లో అదో సౌకర్యం.

20 మార్చి

తిరుమల. ఆపరేషన్ ముందే నాయన గుండు చేయించుకున్నాడు. జనం పని అయ్యాక మొక్కు తీర్చుకుంటారు కదా అంటే, "ముందే ఇచ్చేస్తే ఆయనకి మొగమాటంగా ఉంటాది" అన్నాడు.

ఘాట్ బస్సు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. వెనక సీట్లో ముగ్గురం. కింది నుంచి పైదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. నాయన మా అమ్మను చూడటానికి పెళ్లిచూపులకు వెళ్లి పొరపాటున పక్కింట్లో కూర్చుని ఉప్మా తిన్న సంగతి చెప్పాడు. పెళ్లయి పద్నాలుగేళ్లకు పంకజ మామగారితో కబుర్లాడటం చూశాను. దిగాక ముగ్గురం మళ్లీ చేతులతో మాట్లాడుకున్నాం. రాత్రికి ఉండకుండా వచ్చేశాం. నిజానికి దిగేటప్పటి బస్సు కోసమే తొందరపడ్డాం.

3 ఏప్రిల్, వేలూరు

నాయన ఆపరేషన్ అయింది. లోపల జరిగింది నర్సు వచ్చి చెప్పింది. తీగ పెట్టాక డాక్టరమ్మ పక్కనున్న నర్సును మెల్లిగా అడిగిందట, క్యాంటీన్‌లో పొంగల్ ఉంటుందా అయిపోయి ఉంటుందా అని. బల్ల మీద నుంచి నాయన, "ఉంటే నాకీ రవంత తెప్పించమ్మా" అన్నాడట. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ పని ఆపి నవ్వారట.

కారిడార్‌లో నేను, పంకజ ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. పొంగల్ మేమే కొనిచ్చాం.

11 ఏప్రిల్

చెవిలో గుడ్డ తీసి ఇంటికి పంపారు. పరీక్ష వచ్చే నెలలోనట. ఒక్కోసారి బల్ల మీద వినిపించి, తర్వాత తగ్గడం కూడా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. వినిపిస్తోందా అని నాయనను సైగ చేసి అడిగాను. చెయ్యి అటూ ఇటూ ఊపాడు.

13 ఏప్రిల్

పిలిస్తే పలకడం లేదు. కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటున్నాడు. పిండి మిషన్‌కు కూడా వెళ్లడం లేదు.

14 ఏప్రిల్

పలకడం లేదు.

15 ఏప్రిల్

ఆపరేషన్ ఫలించలేదు. నా భయమే నిజమైంది, కాకపోతే పదో మనిషి నేను కాదు, మా నాయన. అన్నం సయించలేదు. నాయనకు బాగైందనుకుని ఇరవై నాలుగో తేదీకి రాయించుకున్న నా ఆపరేషన్‌ను వేలూరికి కబురు చేసి రద్దు చేసుకుంటాను. డైరెక్టరుగారికి ఉత్తరం రాస్తాను, వేరేవాళ్లను చూసుకోమని.

16 ఏప్రిల్

వంటింట్లో పంకజతో ఇదే చెబుతున్నాను. నేను గట్టిగానే చెబుతున్నాననుకున్నాను. ఈ జబ్బుకు మన గొంతు మనకు పెద్దగా వినిపిస్తుందట, నిజానికి గుసగుసలాడుతున్నానట. రేపే ఉత్తరం పోస్టు చేస్తానన్నాను.

"ఉత్తరమూ వద్దు, ఏమీ వద్దు," అన్నాడు నాయన గడప దగ్గర నిలబడి. పంకజ ఆ మాటే నాకు చేత్తో చూపించింది.

తర్వాత పరిగెత్తి వెళ్లి మోటారు వేసి వచ్చింది. ముగ్గురం బావి దగ్గర నిలబడ్డాం.

"ఇనపడతా ఉండాదా మామా?"

"ఇంటికొచ్చినప్పటి నించీ."

"మరి చెప్పలేదే? ఈయన అన్నం కూడా మానేసె గదా."

నాయన గుండు తడుముకున్నాడు. "నువ్వు పాడతావని నాకెవురు చెప్పినారు పాపా? పొద్దున చారు కాచేటప్పుడు పాడతావు. గుడ్డలు మడత పెట్టేటప్పుడు పాడతావు. పద్నాలుగేండ్లుగా ఈ ఇంట్లోనే ఉండావు, నాకు తెలీలా. ఇనపడతాదని తెలిస్తే యాడ నిలిపేస్తావోనని గమ్మునుంటిని."

పంకజ పాడుతుందని నాకూ తెలియదు. ఎప్పటి నుంచి అని అడిగాను.

"ఇంట్లో ఇద్దురు మొగోళ్లకీ ఇనపడదు గదా అని ధైర్యంగా పాడుకుంటా ఉంటిని," అంది. అంటే నా సంగతి ఆమెకు ఎన్నాళ్ల నుంచో తెలుసు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. నీళ్లు అక్కమ్మ వాళ్లింట్లోకి పారుతున్నాయి. ఎవరం మోటారు ఆపలేదు.

"పక్కింటి అక్కమ్మ నన్ను ఏమంటాదో కూడా ఇంటిని," అన్నాడు నాయన. "అది మళ్లా చూసుకుందాం. ముందు నువ్వు పోయి పండుకో."

24 ఏప్రిల్, వేలూరు

అయింది. తల తిరుగుతోంది, ఎక్కువ రాయలేను. స్టీలు ట్రేలో కత్తెర పెట్టిన చప్పుడు. కుడివైపు, మోచేతి దూరం. కత్తెర రెండు ముక్కలూ ఒకదానికొకటి తగిలి, మళ్లీ విడిగా ట్రేకు తగిలాయి. రెండు వేర్వేరు చప్పుళ్లు.

3 మే, చిత్తూరు

గుడ్డ తీశారు. వినిపిస్తోంది.

మళ్లీ రాస్తాను, రాయడానికి బాగుంది. వినిపిస్తోంది.

పేపరు తిప్పితే రేకులు లాగినట్టుంది. నా చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయని తెలియదు. బల్లి మాట్లాడుతుంది. పంకజ కత్తిపీట మీద బీరకాయ తరుగుతుంటే గడప దగ్గర కూర్చుని చివరిదాకా విన్నాను. "బీరకాయ కూడా ఇంటావా బావా" అంది. విన్నాను.

ఒకటే చిక్కు. ఇప్పుడు నా గొంతు నాకు చిన్నగా వినిపిస్తోంది. అందుకని అందరి మీదా అరుస్తున్నానట.

5 మే

పంకజ పాడటం మానేసింది. మేమిద్దరం వింటామని సిగ్గట. నేనూ నాయనా కూడబలుక్కుని పిలిస్తే పలకకుండా, సైగలు చేసుకుంటూ కూర్చున్నాం. లాభం లేకపోయింది.

6 మే

గుడ్డలు మడత పెడుతూ మర్చిపోయి పాడింది. నాయన నా వైపు చూశాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. శ్రుతి అక్కడక్కడా జారుతోంది. ఆ సంగతి నాతోనే పోతుంది.

7 మే

కాశిం మిషన్‌కు వెళ్లాం. లోపల అడుగు పెట్టగానే ఇద్దరం చెవులు మూసుకుని బయటికొచ్చాం. కాశిం బయటికొచ్చి మా ఇద్దరినీ వాటేసుకున్నాడు. ఇంక మిషన్‌కు ఎవరొస్తారు అని బాధపడ్డాడు కూడా. ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నాం. తెరిపి దొరికినప్పుడల్లా వాడే వచ్చి కూర్చుని పోయాడు.

16 మే, మద్రాసు

మొదటి రీలు మిక్సింగ్. హీరోయిన్ ఒంటరిగా జడ అల్లుకునే సీను. వెనక ఎక్కడో కుర్చీ కిర్రుమంది. ఆపమన్నాను. ఎవరికీ వినిపించలేదు. మళ్లీ వేయించాను, మళ్లీ కిర్రుమంది. ఈసారి డైరెక్టరుగారికి వినిపించింది. ఆయన తన కాఫీ నాకిచ్చారు.

జయరావు, మిగతా ఇద్దరూ హెడ్‌ఫోన్లు ఇంకా ఎముక మీదే పెట్టుకుంటున్నారు. చెవుల మీద పెట్టుకోమన్నాను. "మరి మన పద్ధతి సార్?" అన్నాడు జయరావు. అది పాతబడిందని చెప్పాను. అసలు సంగతి తర్వాత చెబుతాను, వాడిది ఇంకా చిన్న వయసు, నవ్వి చచ్చిపోతాడు.

21 మే

మునిరామయ్యగారికి కొత్త కవిత పంపాను. కార్డు వచ్చింది. "శ్రామికుడేడీ?" అని రాశారు. సెలవు మీద వెళ్లాడని జవాబు రాశాను.

27 మే, చిత్తూరు

మధ్యాహ్నం బస్సుకు వచ్చాను. భోజనాలయ్యాయి. పంకజ మామిడికాయలు తరుగుతోంది. నాయన నులకమంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు, నిద్రపోయాడేమో అనుకున్నాను.

"నువ్వేందో రాస్తావంట గదా," అన్నాడు.

"రాస్తాను నాయనా."

"తిరుపతోళ్లకి ఇనిపించినావు, రేడియోలో ఇనిపించినావు. నాకి ఎప్పుడూ ఇనిపించలా."

అచ్చయినవి ఉన్నాయి, ఇస్తాను, చదువుకో అన్నాను. అక్షరాలు తనకూ వచ్చని, వాటితో పని లేదని అన్నాడు. నా నోటితో కావాలన్నాడు.

నాకు భయమేసింది. ఎన్ని సభల్లో చదివాను, ఇంత భయం ఎప్పుడూ లేదు. పంకజ కత్తిపీట పక్కకు పెట్టింది. కొత్తగా రాసింది తీసి, లేచి నిలబడి, మైకు ముందు చదివినట్టు చదివాను.

*ఉప్పుగల్లు పులుసులో పడి మునిగే చప్పుడు*
*తడిగుడ్డ తీగ మీద సర్దుకునే చప్పుడు*
*ముగ్గుపిండి వేళ్ల మధ్య జారే చప్పుడు*
*నిద్రలో మనిషి పక్కకు తిరిగే చప్పుడు*

*ఇవి పోయాయని ఎవరూ ఫిర్యాదు చేయలేదు*
*ఇన్నాళ్లు ఎవరింట తలదాచుకున్నాయో తెలియదు*
*ఈ పొద్దున ఒక్కొక్కటే గడప దాటి వచ్చి*
*నేనెవరో గుర్తున్నట్టు నిలబడ్డాయి*

నాయన కళ్లు మూసుకునే ఉన్నాడు. పంకజ నా వైపు చూసింది. ఎలా ఉందని అడగబోయి ఆగాను.

"మళ్లా సెప్పు," అన్నాడు నాయన. మంచం మీద కాస్త జరిగి చోటు చేశాడు. "ఈతూరి మెల్లిగా సెప్పు. ఈడనే గదా ఉండాను."

పక్కన కూర్చుని మొదటి నుంచి మెల్లిగా చెప్పాను.